రేకుకి కాదు, రిబ్బుకి అతకండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట ఆగుతుంది. బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి, కాకినాడ నుంచి నర్సాపురం దాకా ఏ రేవుకెళ్లినా గ్రైండర్ల మోతే. ఈ రోజుల్లో నాకొచ్చే ఉత్తరాలు కూడా ఎక్కువగా మరమ్మతుల గురించే ఉంటాయి. మన డెల్టాలో ఫైబర్ బోట్లే ఎక్కువ, అల్యూమినియం పడవలు తక్కువ. అయినా ఈసారి వాటి మీదే ఇన్ని ప్రశ్నలొచ్చాయి కాబట్టి ఈ సంచికలో శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అన్నగారూ. మాది భైరవపాలెం వైపండి. సెకండ్ హ్యాండ్‌లో 16 అడుగుల అల్యూమినియం పడవ కొన్నాను. అడుగు 3 మిల్లీమీటర్ల రేకు, మొత్తం వెల్డింగ్ చేసిందే, రివెట్లు లేవు. కోరంగి మడ అడవుల పాయల్లోనూ గౌతమి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరా తిప్పుతాను. ముందు నిలబడి విసురు వల వేయడానికి చదునుగా డెక్కు కావాలి, ఐసు పెట్టె ఒకటి, పక్కన వల ఆనడానికి ఒక పైపు. మా ఊళ్లో వెల్డింగ్ చేసే ఆయన "ఇనప డెక్కు చేసి రాడ్డుతో అతికేస్తా, సాయంత్రానికి అయిపోద్ది" అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ పని ఆపించు. ఇనుమూ అల్యూమినియమూ మామూలు వెల్డింగ్‌లో కలవవు. రెండూ కరిగి కలిసిన చోట గాజులాంటి పెళుసు పొర ఏర్పడుతుంది, ఒక్క దెబ్బకి ఊడిపోతుంది. పోనీ బోల్టులతో బిగిద్దామంటే, ఉప్పునీళ్లలో ఆ రెండు లోహాలూ ఆనుకుని ఉన్నంతకాలం ఇనుము బాగానే ఉంటుంది, నీ పడవే తరిగిపోతుంది. బరువు కూడా చూసుకో. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు డెక్కు అనుకుందాం. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక చదరపు మీటరుకి 8 కిలోలు తూగుతుంది, అంటే ఈ డెక్కుకి 15 కిలోల లోపే. అదే మందంలో ఇనుమైతే 44 కిలోలు. అది కూడా అణియంలో, అంటే పడవ ముందు భాగంలో, ఎత్తు మీద. ముక్కు బరువెక్కిన పడవ మొగ దగ్గర అల ఎదురైతే పైకి లేవదు, అలలోకి దూరుతుంది.

వెల్డింగ్ షాపుకి వెళ్లకముందే చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలిచిన వేళ, రేవులో నడుము లోతు నీళ్లలో పడవ పెట్టు. నువ్వనుకున్న డెక్కు ఎత్తుకి రెండు బలమైన చెక్కలు అడ్డంగా వేసి కట్టు. వెనక అమరంలో ఒక మనిషిని కూర్చోబెట్టి, నువ్వు చెక్కల మీద నిలబడి, తడి వల చేత్తో పట్టుకుని, నిజంగా విసిరినట్టే ఒళ్లు తిప్పు. పడవ వాలినప్పుడు అంచుకీ నీటికీ మధ్య ఎంత ఎడం మిగిలిందో వెనకాయన చూడాలి. జానెడు కూడా మిగలకపోతే ఆ ఎత్తు నీ పడవకి పనికిరాదు. రెండంగుళాలు దించి మళ్లీ నిలబడు. డెక్కు ఎంత ఎత్తుంటే వల అంత బాగా విప్పారుతుందని అందరూ ఎత్తు పెంచేస్తారు, కానీ మనిషి బరువు పైకి పోయేకొద్దీ పడవ తూలుడు పెరుగుతుంది. మడ పాయలో పడితే నడుము లోతే కావచ్చు, మొగలో పడితే అలా ఉండదు.

ఎత్తు తేలాక అతుకు ఎక్కడ వేయాలన్నది చూడాలి. ఇది కాస్త జాగ్రత్తగా చదువు. చాలా ఏళ్ల క్రితం అంతర్వేది దగ్గర ఒకాయన పడవకి వల స్టాండు నేనే అతికాను. రెండు రిబ్బుల (రేకుకి లోపల పక్కటెముకల్లా అడ్డంగా ఉండే బద్దల) మధ్య ఖాళీ రేకు మీద, సరిగ్గా నడిమధ్యన పెట్టాను. అతుకు ముత్యాలు పేర్చినట్టు వచ్చింది. నాలుగు నెలలు వశిష్ఠ మొగలో ఊగింది. తర్వాత ఒక పొద్దున చీలమండ దాకా నీళ్లతో పడవ ఒడ్డుకొచ్చింది, లోపల ఇద్దరున్నారు. చూస్తే అతుకు చెక్కు చెదరలేదు. దాని అంచునే, రేకులో, వెంట్రుకంత చీలిక, వేలెడు పొడవు. గోటితో గీస్తే తప్ప కంటికి ఆనలేదు. ఆ ఇద్దరూ క్షేమంగా వచ్చారు కాబట్టి సరిపోయింది, తప్పు మాత్రం నాదే.

ఎందుకలా అయిందంటే, వెల్డింగ్ వేడికి అతుకు పక్కన దగ్గర దగ్గర అంగుళం మేర అల్యూమినియం మెత్తబడుతుంది. అల్యూమినియం రకాలకి నాలుగంకెల నంబర్లుంటాయి; కిటికీలకీ పైపులకీ వాడే 6 వేల నంబర్ల రకాల్లో ఇది మరీ ఎక్కువ, 6061 టీ6 (వేడితో గట్టిపరిచిన రకం) అయితే అతుకు దగ్గర సుమారు 40 శాతం బలం పోతుంది. పడవ రేకులకి వాడే 5083 లాంటి వాటిలో నష్టం తక్కువే కానీ అసలు లేకుండా ఉండదు. ఆ మెత్తబడ్డ చోటే స్టాండు బరువంతా వచ్చి పడుతుంది, పైగా రేకు డప్పు చర్మంలా కొట్టుకుంటూ ఉంటుంది. ఇనుముకి ఒక హద్దు ఉంది, ఆ హద్దులోపు ఎన్నిసార్లు ఊపినా విరగదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి ఊపూ దాని ఖాతాలో పడుతూనే ఉంటుంది. అందుకే డెక్కు కాళ్లన్నీ రిబ్బుల మీదే దిగాలి, రేకు మీద కాదు. ఎక్కడైనా తప్పనిసరై రేకు మీద దించాల్సి వస్తే, కింద ఇంకో పలక అతికి, దాని మూలలు గుండ్రంగా చేసి, ఆ పలక కనీసం రెండు రిబ్బులని అందుకునేలా పెట్టించు.

చట్రానికి 40 మిల్లీమీటర్ల యాంగిల్, 4 మందం చాలు, అడ్డ యాంగిళ్లు 40 సెంటీమీటర్లకొకటి. పైన 3 మిల్లీమీటర్ల గళ్ల పలక వేయిస్తే తడి కాళ్లు జారవు. కొనేటప్పుడు "అల్యూమినియం పలక ఇవ్వండి" అని అడగొద్దు, నంబరు అడుగు. నీళ్లలో మునిగే చోట్లకి 5083, 5086, 5052 మంచివి. యాంగిళ్లకీ పైపులకీ 6061 వాడొచ్చు. కిటికీ సెక్షన్లు 6063, వాటిని బరువు మోసే చోట పెట్టొద్దు. 2 వేలు, 7 వేల నంబర్లవి విమానాల రకాలు, చాలా గట్టివే, కానీ వాటిలో చాలావాటిలో రాగి కలిసి ఉంటుంది కాబట్టి ఉప్పునీళ్లలో నిలవవు. పాత సామాన్ల కొట్లో నంబరు లేని ముక్క చవగ్గా దొరికినా పడవకి మాత్రం తీసుకోకు.

అతికేటప్పుడు ముందు అన్నిచోట్లా టాకాలు (చిన్న చిన్న తాత్కాలిక అతుకులు) వేయించి, డెక్కు చదునుగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి చొప్పున 5 సెంటీమీటర్ల అతుకు, 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలి వేయించు. వేడికి అల్యూమినియం ఇనుముకి రెట్టింపు సాగుతుంది, ఒకే చివర నుంచి గబగబా లాగేస్తే పలక అప్పడంలా వంకరలు పోతుంది. డెక్కుకి మూత ఒకటి తప్పకుండా పెట్టించు, చెయ్యీ బ్రష్షూ దూరేంత. మూత కోసే చోట మూలలు చతురస్రంగా కోయనివ్వకు, గుండ్రంగా ఉండాలి, చీలికలు మొదలయ్యేది మూలల్లోనే. చట్రం కింద నీళ్లు వెనక్కి జారే దారి వదలాలి. ఇది మన వైపు వాళ్లకి మరీ ముఖ్యం, ఎందుకంటే కోరంగి పాయల్లో తిరిగిన పడవలో బురద చేరకుండా ఉండదు, ఆ ఉప్పు బురద డెక్కు కింద ఆరకుండా నెలల తరబడి కూర్చుంటే గాలి తగలక ఆ అడుగున రేకు గుంటలు పడుతుంది.

ఐసు పెట్టె డెక్కు మీద పెట్టొద్దు. 100 లీటర్ల పెట్టె ఐసూ చేపలతో నిండితే 90 కిలోల దాకా ఉంటుంది, అది పడవ నడుమ, అడుగున ఉండాల్సిన బరువు. దాన్ని అతికించకు, రిబ్బులకి నాలుగు కొక్కేలు పెట్టించి పట్టీలతో కట్టు, కడగడానికి తీసుకోవచ్చు. వల పైపు సంగతి చిన్నదే కానీ ఒక మాట. పని అయ్యాక పాత నేత చీర ముక్క తీసుకుని పైపు పొడవునా, ప్రతి అతుకు మీదా ఒత్తి లాగు. చీర పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడ నీ వల చిరుగుతుంది, ఆ చోటు అక్కడికక్కడే ఆకురాయితో నున్నగా చేయించు.

ప్రశ్న: సార్, నేను సఖినేటిపల్లి దగ్గర వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. ఇనుము పని 12 ఏళ్లుగా చేస్తున్నాను. పడవల పనులు వస్తున్నాయని ఈమధ్య ఆర్గాన్ మిషను కొన్నాను. అల్యూమినియం మీద అతుకు నల్లగా వస్తోంది, గ్రైండ్ చేస్తే లోపల సూది మొనంత రంధ్రాలు. మిషనులో లోపమా?

జవాబు: మిషను మార్చుకునే ముందు మిగతావి చూడండి, చాలావరకు లోపం మిషనులో ఉండదు. మొదట మీట ఏసీలో ఉందా డీసీలో ఉందా? ఇనుముకి అలవాటైన చెయ్యి కాబట్టి డీసీలో పెట్టేసి ఉండొచ్చు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీద పొరలా ఉండే ఆక్సైడు కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అంటే లోపల లోహం నీరైపోతున్నా పైన తోలు అలాగే ఉంటుంది. ఏసీలో కరెంటు దిశ మారిన ప్రతిసారీ ఆ తోలు విరుగుతుంది. టిగ్‌లో, అంటే మీ ఆర్గాన్ మిషను పద్ధతిలో, అల్యూమినియానికి అందుకే ఏసీ వాడతారు.

రంధ్రాలకి కారణం హైడ్రోజన్. తడి, నూనె, రంగు, చేతి చెమట, వీటన్నిటి నుంచీ అది వస్తుంది. కరిగిన అల్యూమినియం గట్టిపడ్డ అల్యూమినియం కన్నా సుమారు 20 రెట్లు ఎక్కువ హైడ్రోజన్‌ని పట్టి ఉంచుతుంది. చల్లబడేటప్పుడు అది బయటికి రాలేక బుడగలుగా మిగిలిపోతుంది. మన గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలుసు, తెల్లారేసరికి పలక మీద మంచు నీళ్లు చుక్కలుగా ఉంటాయి. గుడ్డతో తుడిచేసి మొదలుపెట్టేయకండి. ఎండలో పెట్టండి, లేదా బ్లో టార్చ్‌తో చేతికి వెచ్చగా తగిలేంత వేడి చేయండి, అంతకు మించి వద్దు.

శుభ్రం చేయడంలో వరస ముఖ్యం. ముందు ఎసిటోన్‌తో నూనె తీసేయాలి, ఆ తర్వాతే బ్రష్షు. ముందే బ్రష్షు రుద్దితే నూనె పోదు, గీతల్లోకి దిగిపోతుంది. బ్రష్షు స్టెయిన్‌లెస్ స్టీలుది, కొత్తది, ఇనుము మీద ఒక్కసారి కూడా పెట్టనిది. దానికి రంగు దారం కట్టి వేరే మేకుకి వేలాడదీయండి, షాపులో కుర్రాళ్లు పొరపాటున కూడా ముట్టుకోకుండా. గ్రైండర్ బిళ్లలు కూడా అంతే, ఇనుము కోసిన బిళ్ల అల్యూమినియం మీద పెడితే ఆ ఇనప రజను అక్కడే నాటుకుంటుంది, ఉప్పుగాలికి తుప్పు చుక్కలుగా బయటపడుతుంది.

గ్యాసు స్వచ్ఛమైన ఆర్గానే ఉండాలి, 99.99 శాతం. ఇనుము పనికి వాడే కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండరు పనికిరాదు. మీ ఊళ్లో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎలా కొడుతుందో నేను చూశాను, ఆ గాలికి టార్చి దగ్గర ఆర్గాన్ నిలవదు, అతుకు నల్లబడేది ఎక్కువగా అందుకే. పడవ ఒడ్డున ఉంటే మూడు పక్కలా టార్పాలిన్ కట్టండి, పొద్దున మంచు ఆరిన తర్వాత, గాలి లేచేలోపు ఈ పని పెట్టుకోండి, గాలి లేచాక కోతలూ గ్రైండింగులూ చేసుకోవచ్చు.

వైరు విషయానికొస్తే 5083 రేకుకి 5356 వైరు వాడండి. షాపుల్లో చాలామంది 4043 ఇచ్చేస్తారు, అందులో సిలికాన్ ఉంటుంది, 5083లో మెగ్నీషియం ఎక్కువ, రెండూ కలిస్తే అతుకు పెళుసవుతుంది. రాడ్డుతో అల్యూమినియం అతకొచ్చు కదా అని మీకెవరైనా చెబితే పడవకి మాత్రం ఒప్పుకోకండి. ఆ రాడ్డు పూతలో ఉండే ఫ్లక్సు కాస్త మిగిలినా లోహాన్ని తినేస్తుంది, సందుల్లోంచి దాన్ని పూర్తిగా కడగడం మన వల్ల కాదు. ఇంకొకటి, అతుకు ఆఖర్లో టార్చి గభాలున ఎత్తేయకండి, అక్కడ ఏర్పడే గుంటలో నక్షత్రంలా చీలిక వస్తుంది. వైరు ఇంకాస్త పోసి, గుంట నింపి, కరెంటు తగ్గిస్తూ వదలండి.

పడవ మీదకి వెళ్లే ముందు రెండు ముక్కలు అతికి, వైసులో బిగించి సుత్తితో విరవండి. విరిగిన చోట లోపల చూస్తే మీ పని ఎలా ఉందో మీకే కనిపిస్తుంది. పడవ అడుగు అతుకులకి నేను ఇప్పటికీ చేసే పరీక్ష చెబుతాను. అతుకుకి బయట పక్క సుద్దపొడి నీళ్లలో కలిపి పూసి ఆరనివ్వాలి, తెల్లగా గోడ సున్నంలా అవుతుంది. లోపల పక్క కిరసనాయిలు రాసి అరగంట ఆగాలి. కారేచోటు ఉంటే తెల్లటి సుద్ద మీద ఆవగింజంత తడి మచ్చ మొదలై, మెల్లగా పావలా అంత అవుతుంది. నీళ్లు కారని సందులోంచి కూడా కిరసనాయిలు దూరి వస్తుంది. మచ్చ వచ్చిన చోట అతుకు మీద అతుకు వేయొద్దు, గాడి తీసి, కిరసనాయిలు పూర్తిగా తుడిచి, ఎసిటోన్‌తో కడిగి, మళ్లీ మొదటి నుంచి వేయండి.

చేతులకి నిండు చొక్కా తొడుక్కోండి. అల్యూమినియం వెలుగుని వెనక్కి కొడుతుంది, ఇనుముకి అలవాటైన వాళ్లకి కూడా మొదటి వారం మెడ కింద చర్మం కమిలిపోతుంది.

ప్రశ్న: మాది ఐ. పోలవరం మండలం. రొయ్యల చెరువులున్నాయి. మేత చల్లడానికి చిన్న అల్యూమినియం పడవ వాడుతున్నాం. రెండేళ్లకే అడుగున తెల్లపొడి రాలుతోంది, గుంటలు పడ్డాయి, ఒకచోట చిల్లు కూడా. అదే పడవ మా బావగారు గోదాట్లో వాడితే ఎనిమిదేళ్లయినా ఏమీ కాలేదు. మాకు నాసిరకం అంటగట్టారా?

జవాబు: అమ్మినవాళ్లని అనేముందు ఆ పడవలో మేత కాక ఇంకేం మోస్తున్నారో చూడండి. చెరువుకి సున్నం చల్లేది అందులోంచేనా? బ్లీచింగు? పచ్చనీరు పట్టినప్పుడు మైలుతుత్తం? ఈ మూడూ అల్యూమినియానికి పగవాళ్లే. తడిసిన సున్నం ఘాటైన క్షారం, లోహాన్ని కాపాడే పొరని కరిగించేస్తుంది. సిమెంటు బస్తాలు తడిసినా ఇదే జరుగుతుంది. మైలుతుత్తం అన్నిటికన్నా ప్రమాదం, అందులో రాగి ఉంటుంది, ఆ నీళ్లు అడుగున నిలిస్తే రాగి రేణువులుగా రేకు మీద పేరుకుని, ప్రతి రేణువు చుట్టూ గుంట తవ్వుతుంది. మీరు చెప్పిన చిల్లు ఇలాగే పడి ఉంటుందని నా అనుమానం. వాటికి ప్లాస్టిక్ తొట్టె వాడండి, లేదా పాత ఫైబర్ పడవ ఒకటి వేరుగా ఉంచుకోండి.

చిల్లుకి ఎంసీల్ పెట్టి వదిలేయకండి. చుట్టూ రేకుని సుత్తితో మెల్లగా తట్టి చూడండి, పలచబడ్డ చోట శబ్దం మారుతుంది. ఆ పలచని భాగమంతా కోసేసి, అదే మందం ముక్క గుండ్రటి మూలలతో పెట్టించి అతికించండి. పలచని రేకు మీద అతుకు వేస్తే అది నిలబడదు, కరిగిపోయి చిల్లు పెద్దదవుతుంది. ఇత్తడి కుళాయి, ఇత్తడి బోల్టులు ఏమైనా ఉంటే తీసేయండి. ఎస్సెస్ బోల్టులు పెట్టొచ్చు, కానీ కింద నైలాన్ వాషరు ఉండాలి. బ్యాటరీ పెట్టుకుంటే దాని మైనస్ వైరు పడవకి తగిలించొద్దు, రెండు వైర్లూ విడిగా లాగండి. పడవ ఒంట్లోంచి కరెంటు పారితే ఏడాది పట్టే నష్టం వారాల్లో జరుగుతుంది.

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది యానాం దగ్గర. మా ఆయనా మా మరిదీ అల్యూమినియం పడవ మీద వేటకెళ్తారు. పోయినేడు ఎవరిదో పడవ నీళ్లు నిండి మునిగిపోయిందని విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. డెక్కు కింద థర్మాకోల్ లాంటిది నింపితే మునగదంటున్నారు. ఇప్పుడు డెక్కు వెల్డింగ్ కూడా చేయించాలి. ఏది ముందు?

జవాబు: చెల్లెమ్మా, మంచి ప్రశ్న అడిగావు, నీ ఉత్తరం చదివి మీ ఆయనకి కూడా చూపించు. వెల్డింగే ముందు, ఫోమ్ ఆ తర్వాతే. ఇందులో ఇంకో మాట లేదు. డెక్కు కింద ఫోమ్ ఉండగా పైన వెల్డింగ్ చేస్తే అది లోపల్లోపల అంటుకుంటుంది, పైకి కనిపించదు, పొగలో విషవాయువులుంటాయి. పాత పడవైతే లోపల ఇదివరకే ఫోమ్ ఉందేమో మూత తీసి చూడందే టార్చి వెలిగించనివ్వకండి. పెట్రోలు ట్యాంకు, పైపు, డబ్బాలు అన్నీ పడవలోంచి దించేసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకు మరీ ప్రమాదం, పెట్రోలు కన్నా దాని ఆవిరే పేలుతుంది.

థర్మాకోల్ వద్దు, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. నీళ్లు పీల్చని గట్టి ఫోమ్ పలకలు తీసుకోండి, బోటు ఫోమ్ అని అడిగితే ఇస్తారు. లీటరు ఫోమ్ నీళ్లలో మునిగితే దగ్గర దగ్గర కిలో బరువు ఆపుతుంది. 150 కిలోల పడవ నీళ్లలో మునిగినప్పుడు తూగేది 95 కిలోల లోపే, దానికి ఇంజను, వల, పట్టుకుని వేలాడే ఇద్దరు మనుషులు. కనీసం 200 లీటర్లు పెట్టించండి, అంటే ఒక పెద్ద ఆయిల్ డ్రమ్మంత చోటు. అదంతా అడుగున కుక్కొద్దు. అడుగునే ఉంటే నీళ్లు నిండినప్పుడు పడవ బోర్లా పడిపోతుంది. రెండు పక్కలా, అంచులకి దగ్గరగా, పైకి కట్టిస్తే పడవ నిటారుగా తేలుతుంది, పట్టుకోవడానికి అంచు చేతికందుతుంది. ఫోమ్ వెనక నీళ్లు చేరి నిలవకుండా వేలెడు ఎడం వదలమని చెప్పు. ఎంత ఫోమ్ ఉన్నా లైఫ్ జాకెట్లు రెండూ ఒంటి మీద ఉండాలి, డెక్కు కింద కాదు.

ప్రశ్న: మాది నర్సాపురం. 9.9 హెచ్‌పీ ఇంజను తీసేసి 25 హెచ్‌పీ పెట్టాను. మూడు నెలలకే వెనక పలక రెండు మూలల్లో చీలిక. అతికించాను, మళ్లీ అక్కడే చీలింది.

జవాబు: మళ్లీ అతికించినా మళ్లీ చీలుతుంది. చీలిక చివర ఎక్కడుందో కనిపెట్టి, కాస్త దాటి చిన్న డ్రిల్లు రంధ్రం వేసి దాన్ని అక్కడ ఆపాలి, తర్వాత చీలిక పొడవునా అడుగు దాకా గాడి తీసి అప్పుడు అతకాలి. కానీ అసలు కారణం బలం వెళ్లే దారి లేకపోవడం. ఇంజను తోపు వెనక పలక మీద పడి అక్కడే ఆగిపోతోంది. ఆ పలక నుంచి పడవ అడుగున పొడవునా ఉండే బద్దల దాకా ముక్కోణపు పట్టీలు, రెండు పక్కలా, వేయించాలి, అప్పుడు తోపు మొత్తం పడవకి పంచబడుతుంది. వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటే ఒక బోల్టు ఊడదీసి రంధ్రంలో మేకు గుచ్చి చూడండి, మెత్తగా దిగితే అది కుళ్లిపోయినట్టే, ముందు అది మార్చాలి. కొత్త ఇంజను కాలు పొడవు కూడా చూసుకోండి, పొట్టిది 15 అంగుళాలు, పొడుగుది 20. పంకాకి పైన ఇంజను కాలికి అడ్డంగా ఉండే చదును పలక పడవ అడుగుకి సమంగా ఉండాలి, కిందకి దిగిపోతే నీళ్లని అనవసరంగా దున్నుతుంది, ఆ కుదుపంతా మీ వెనక పలకే భరించాలి.

అయితే ఇవన్నీ చేసినా ఆ పడవ 25కి తగినది కాకపోవచ్చు. తయారీదారు ప్లేటు మీద ఎంత హెచ్‌పీ అని ఉంటుంది, అది దాటొద్దు. ఇంజను మార్చినప్పుడు మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లి రిజిస్ట్రేషన్ కాగితాల్లో కూడా మార్పించుకోండి, రేపు ఏదైనా జరిగితే పరిహారం దగ్గర కాగితమూ పడవా ఒకటే ఉండాలి.

ప్రశ్న: ఓడలరేవు నుంచి రాస్తున్నాను. మా చెక్క నావలకి వేసే ఎర్ర రంగు అల్యూమినియం పడవ అడుక్కి వేయొచ్చా? నత్త బాగా పడుతోంది. జింకు బిళ్ల కూడా పెట్టమంటున్నారు.

జవాబు: వేయొద్దు. నత్త పట్టకుండా వేసే ఆ ఎర్ర రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, పైన రొయ్యల చెరువు ఆయనకి మైలుతుత్తం గురించి చెప్పిందే ఇక్కడా జరుగుతుంది. రాగి లేని రంగు, అదీ ఎపాక్సీ ప్రైమరు వేశాకే, ప్రైమరు కూడా రేకు గీకిన రోజే వేసేయాలి. రోజూ ఒడ్డుకి లాగే పడవైతే అసలు రంగే అక్కర్లేదు, చెక్క గరిటెతో గీకండి, ఇనప బద్దతో కాదు.

బిళ్ల అంటే పడవ రేకుకి బదులు తాను తరిగిపోయే లోహపు ముక్క, దాని విషయంలో మన డెల్టాది ప్రత్యేకమైన సమస్య. ఎండాకాలం బ్యారేజీ కిందకి నీళ్లు రాక మీ వైనతేయలో ఉప్పు పైదాకా ఎక్కుతుంది. జూలై నుంచి వరద ఎర్రనీరు దిగితే మొగ దాకా మంచినీళ్లే. జింకు బిళ్ల ఉప్పునీళ్లలో బాగా పనిచేస్తుంది, మంచినీళ్లలో దాని మీద పొర కట్టి నిద్రపోతుంది, తర్వాత ఉప్పునీళ్లొచ్చినా లేవదు. మెగ్నీషియం బిళ్ల మంచినీటి రకం, దాన్ని ఉప్పునీళ్లలో పెడితే పడవకే చెడుపు. మీకు కావాల్సింది అల్యూమినియం బిళ్ల, రెండు నీళ్లలోనూ పనిచేస్తుంది. దాని మీద పొరపాటున కూడా రంగు వేయకండి, సగం అరిగిపోగానే మార్చేయండి.